మన మేనేజర్లు సాధించింది మనకెందుకు కనబడదు? డాలస్ తెలుగు ఇంటి యజమానులకు బహిరంగ లేఖ

ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకినీ, ప్లేనో, ఇర్వింగ్, కాపెల్ ఊళ్ళలో సొంత ఇల్లు కొనుక్కుని ఏటా హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) డ్యూస్ కడుతున్న తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం. నేనూ మీలో ఒకణ్ణే. కొన్నేళ్ళుగా మా కమ్యూనిటీ బోర్డులో ఉన్నాను కాబట్టి మనం కట్టే డబ్బు ఎటు పోతుందో, ఎవరు ఏం పని చేస్తారో దగ్గర్నుంచి చూస్తున్నాను.

ఈ మధ్య మా న్యూస్‌లెటర్‌లో రెండు లైన్ల వార్త వచ్చింది. స్విమ్మింగ్ పూల్ వేళలకూ గరాజ్ సేల్ తేదీకీ మధ్య ఇరికించారు. మా కమ్యూనిటీ మేనేజరుగారు, తన వృత్తిలో అన్నిటికంటే పెద్ద అర్హత అయిన పీక్యామ్ సాధించారని. ఆ వారమంతా మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నడిచిన చర్చ మాత్రం ట్రాష్ బిన్ల మీద వచ్చిన వయొలేషన్ లెటర్ల (నిబంధన తప్పారనే ఉత్తరాల) గురించి. "వీళ్ళకేం పనిలేదా?", "మన డబ్బు తీసుకుని మనకే లెటర్లా?", "ముందు ఆవిణ్ణి మార్పించండి". ఆ ఆవిడే పీక్యామ్ సాధించిన మనిషి. ఒక్కరూ అభినందనలు చెప్పలేదు. ఆ అర్హత ఏమిటో, దానికి ఎంత కష్టపడాలో మనలో చాలామందికి తెలియకపోవడమే కారణమని నా నమ్మకం. చదువంటే, పరీక్షలంటే మనవాళ్ళు ఇచ్చే మర్యాద తక్కువదేమీ కాదు. తెలిస్తే ఇస్తారు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

అమెరికా మొత్తమ్మీద హెచ్‌ఓఏలు, కాండో (సొంత ఫ్లాట్ల భవనం) అసోసియేషన్లు, కోఆప్‌లు కలిపి మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో నివసించేవాళ్ళు ఏడున్నర కోట్ల మంది దాకా ఉంటారు. ఇంతమంది ఇళ్ళ చుట్టూ ఉన్న రోడ్లు, చెరువులు, గోడలు, పార్కులు, బ్యాంకు ఖాతాలు చూసుకోవడం ఒక వృత్తి. ఆ వృత్తికి ఒక తీరు తేవడానికి 1973లో కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. అందరూ సీఏఐ అంటారు. వర్జీనియాలోని ఫాల్స్ చర్చ్‌లో దాని కేంద్ర కార్యాలయం. మన డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతానికీ దాని శాఖ ఉంది. మేనేజర్లకు క్లాసులు, పరీక్షలు, అవార్డులు, ఏటా సమావేశాలు అన్నీ ఈ సంస్థ చుట్టూనే నడుస్తాయి.

మేనేజరుకు మొదటి మెట్టు సీఎంసీఏ. 120 ప్రశ్నల పరీక్ష రాసి గట్టెక్కాలి. గట్టెక్కాక కూడా రెండేళ్ళకోసారి 16 గంటల చదువు చదివినట్టు చూపిస్తేనే అది నిలుస్తుంది. తరవాతి మెట్టు ఏఎంఎస్, దానికి కనీసం రెండేళ్ళ అనుభవం కావాలి. అన్నిటికంటే పైన ఉన్నది పీక్యామ్. అయిదేళ్ళు నేరుగా అసోసియేషన్లు నడిపి ఉండాలి. భవనాల నిర్వహణ, యజమానులతో సంప్రదింపులు, నాయకత్వం, చట్టాలు, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ ఇలా ఆరు కోర్సులు పూర్తి చెయ్యాలి. చివర్న ఒక నిజమైన కమ్యూనిటీకి వెళ్ళి, తిరిగి చూసి, అక్కడి లెక్కలూ పేచీలూ మరమ్మతులూ అర్థం చేసుకుని, తను మేనేజరైతే ఏం చేస్తుందో పెద్ద రిపోర్టు రాసి ఒప్పించాలి. ఇవన్నీ పగలు మన ఫోన్లు ఎత్తుతూ, రాత్రి మన బోర్డు మీటింగుల్లో కూర్చుంటూ చెయ్యాలి.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. టెక్సస్‌లో జుట్టు కత్తిరించేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. ఇంటి ఏసీ బాగుచేసేవాళ్ళకు ఉండాలి. అయిదారు వందల ఇళ్ళ డ్యూస్, రిజర్వ్ ఫండ్ (పెద్ద మరమ్మతుల కోసం దాచే డబ్బు) చూసుకునే మేనేజరుకు మాత్రం రాష్ట్రం ఏ లైసెన్సూ అడగదు. ఫ్లోరిడా అడుగుతుంది. అక్కడ 10 యూనిట్లు దాటిన అసోసియేషన్‌ని గానీ, ఏడాదికి లక్ష డాలర్లు దాటిన బడ్జెట్‌ని గానీ డబ్బు తీసుకుని నడపాలంటే లైసెన్సు తప్పదు. నెవాడా కూడా అడుగుతుంది. కొలరాడో 2015లో మొదలుపెట్టి, 2019లో గవర్నరు వీటో చెయ్యడంతో వదిలేసింది. అంటే టెక్సస్‌లో సీఎంసీఏ, ఏఎంఎస్, పీక్యామ్ సాధించినవాళ్ళు చట్టానికి భయపడి సాధించలేదు. పని బాగా చెయ్యాలనుకుని సాధించారు. దానికి విలువ ఇవ్వాల్సింది మనమే. రాష్ట్రం ఎలాగూ ఇవ్వడం లేదు.

ఇక అసలు విషయం. ఈ వృత్తిలో మంచి పనికి చిక్కు ఏమిటంటే, అది ఫలించినప్పుడు ఏమీ జరగదు. గోడ పడదు. ఇల్లు వేలానికి రాదు. కోర్టు నోటీసు అందదు. జరగనిదాన్ని ఎవరూ న్యూస్‌లెటర్‌లో రాయరు, వాట్సాప్‌లో పంచుకోరు. కాబట్టి నేను చూసినవీ, ఈ దేశంలో నమోదైనవీ కొన్ని చెబుతాను.

ఫ్రిస్కోలో ఉంటున్నవాళ్ళకు 2008 నాటి సంగతి తెలిసి ఉండాలి. అక్కడి ఒక కమ్యూనిటీలో ఇల్లున్న ఒక సైనికాధికారి ఇరాక్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇంటి మీద అప్పు కూడా లేదు. వెయ్యి డాలర్లు కూడా లేని హెచ్‌ఓఏ బకాయికి ఆ ఇల్లు వేలానికి వెళ్ళింది. మూడు లక్షల డాలర్ల ఇల్లు 3,500 డాలర్లకు పోయింది. చివరికి రాజీ కుదిరి ఇల్లు ఆ కుటుంబానికి తిరిగొచ్చింది గానీ, దేశమంతా గగ్గోలెత్తింది. ఆ కోపం, అలాంటి మరికొన్ని ఉదంతాలు కలిసి 2011లో టెక్సస్ శాసనసభ చేత హెచ్‌ఓఏ చట్టాన్ని గట్టిగా సవరింపజేశాయి. 14 కంటే ఎక్కువ ఇళ్ళున్న అసోసియేషన్ బకాయిదారుకు వాయిదాల సదుపాయం ఇవ్వాలని, వేలానికి ముందు కోర్టు మెట్లు ఎక్కాలని ఆ సవరణలతో వచ్చింది.

చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని ఒక కుటుంబం దాకా తీసుకువెళ్ళేది మేనేజరే. మా కమ్యూనిటీలో ఒకసారి ఇలాగే జరిగింది. ఒకాయనకు ఉద్యోగం పోయింది. హెచ్1బీ. 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడవాలి. ఆ హడావిడిలో హెచ్‌ఓఏ ఉత్తరాలు ఎవరు విప్పుతారు? రెండు నోటీసులు వెళ్ళాయి, జవాబు లేదు. మామూలుగా అయితే ఫైలు లాయరు దగ్గరికి వెళ్తుంది. అక్కణ్ణుంచి లాయరు ఫీజు కూడా బకాయికి తోడై కొండలా పెరుగుతుంది. మా మేనేజరు ఆ ఫైలును పంపలేదు. తనే ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది. నెలవారీ వాయిదాలు అడిగే హక్కు మీకుంది, ఈ కాగితం మీద సంతకం పెట్టి పంపండి చాలు అని చెప్పింది. బోర్డులో మా ముందు పెట్టినప్పుడు ఇంటి నంబరు కూడా చెప్పలేదు. "ఒక యజమాని వాయిదాలు అడిగారు, మన పాలసీ ప్రకారం ఇచ్చాను" అంది, తరవాతి అంశానికి వెళ్ళింది. ఆ కుటుంబం తెలుగువాళ్ళని నాకు చాలాకాలం తరవాత, వాళ్ళే చెబితే తెలిసింది. అప్పటికి ఆయనకు ఉద్యోగమూ దొరికింది, బాకీ కూడా తీరిపోయింది.

ఇంకోటి మన గుమ్మాల గురించి. మనలో తోరణం కట్టని ఇల్లుండదు. 2011 నాటి టెక్సస్ చట్టం ప్రకారం గుమ్మం దగ్గర మతపరమైన వస్తువులు 25 చదరపు అంగుళాలు దాటకుండా ఉంటేనే హెచ్‌ఓఏ అడ్డుచెప్పకూడదు. 25 చదరపు అంగుళాలంటే అయిదంగుళాలకు అయిదంగుళాలు. గుమ్మం ఈ కొస నుంచి ఆ కొసకు వేలాడే మామిడాకుల తోరణం అందులో ఎక్కడ పడుతుంది? 2021లో ఆ కొలత తీసేశారు. మన తోరణమే కాదు, యూదుల మెజూజా, క్రైస్తవుల సిలువ, ఎవరివైనా సరే. ఆ చట్టం వచ్చాక మా మేనేజరు చేసిన మొదటి పని, వారం వారం కారులో తిరిగి వయొలేషన్లు రాసుకునే కుర్రాడి చెక్‌లిస్టులోంచి ఆ లైను కొట్టేయించడం. మా గైడ్‌లైన్స్ మార్చమని లాయరు చేత రాయించి బోర్డుకు తెచ్చింది కూడా తనే. ఆ ఏడాది దసరాకు మా వీధిలో గుమ్మాలకు బంతిపూల దండలు వేలాడాయి. ఎవరికీ ఉత్తరం రాలేదు. ఉత్తరం రానివాళ్ళకు అది ఎవరివల్ల రాలేదో తెలిసే దారి లేదు. అందుకే నేను చెబుతున్నాను.

ఈ రాష్ట్రంలో హెచ్‌ఓఏ చట్టం రెండేళ్ళకోసారి, శాసనసభ కూర్చున్నప్పుడల్లా కదులుతుంది. 2021లో రీసేల్ సర్టిఫికెట్ (ఇల్లు అమ్మేటప్పుడు హెచ్‌ఓఏ ఇచ్చే కాగితం) ఫీజుకు 375 డాలర్ల పరిమితి పెట్టారు. మీరు ఇల్లు అమ్మినప్పుడు క్లోజింగ్ కాగితాల్లో ఆ లైను చూసుకోండి. 2023లో జరిమానాల పట్టిక ముందే రాసిపెట్టి యజమానులకు ఇవ్వాలన్నారు. 2025లో, నీటి ఆంక్షలున్నప్పుడు లాన్ ఎండిపోయిందని జరిమానా వెయ్యకూడదన్నారు. ఎండాకాలంలో మన బెర్ముడా లాన్ ఎండుగడ్డిలా మారే సంగతి మీకు తెలుసు కాబట్టి ఈ చివరిది మీకు నేరుగా ఉపయోగపడుతుంది. ఇవన్నీ చదివి, అర్థం చేసుకుని, సమయానికి అమలు చేసే మేనేజరు ఉన్న కమ్యూనిటీలో యజమానులు హక్కుల కోసం పోట్లాడాల్సిన పని ఉండదు. చదవని మేనేజరు ఉన్నచోట పాత నిబంధనలతోనే ఉత్తరాలు వస్తుంటాయి.

ఇప్పుడు సర్ఫ్‌సైడ్ గురించి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఫ్లోరిడాలో మయామీ బీచ్‌కు ఆనుకుని సముద్రం ఒడ్డున సర్ఫ్‌సైడ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1981లో కట్టిన చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల కాండో భవనం, 136 యూనిట్లు. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక, అందరూ నిద్రలో ఉండగా, భవనంలో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు. 2018 అక్టోబరులోనే ఒక ఇంజనీరు రిపోర్టు ఇచ్చాడు. పూల్ డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, డెక్‌కు వాలు లేకపోవడంతో నీరు నిలుస్తోందని, కింద కాంక్రీటు స్లాబు బాగా దెబ్బతిందని రాశాడు. అప్పటి అంచనా 90 లక్షల డాలర్ల పైన. అంత డబ్బు రిజర్వ్‌లో లేదు. యజమానుల మధ్య ఒప్పందం కుదరలేదు. 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. 2021కి ఖర్చు కోటిన్నర డాలర్లకు చేరింది. స్పెషల్ అసెస్‌మెంట్ (యజమానులందరి దగ్గరా చేసే అదనపు వసూలు) వేశారు. చిన్న యూనిట్‌కు సుమారు 80,000 డాలర్లు, పైనున్న పెంట్‌హౌస్‌కు మూడు లక్షల పైన. చెల్లింపులు మొదలవ్వాల్సిన గడువు జులై 1. భవనం దానికి వారం ముందు కూలింది.

ఇంజనీరు రిపోర్టు రాశాడు. తరవాత వచ్చిన బోర్డు ఉత్తరాలు రాసింది. లోపం ఎవరికీ తెలియక కూలలేదు ఆ భవనం. తెలిసిన విషయానికి డబ్బు పెట్టడానికి ఇరుగుపొరుగు ఒక మాట మీదికి రావడానికి పట్టిన కాలంలో కూలింది. ఏటేటా డ్యూస్ పెంచకుండా, రిజర్వ్ నింపకుండా ఓటేస్తూ వచ్చిన అలవాటు అమెరికా అంతటా ఉంది, సర్ఫ్‌సైడ్‌లో మాత్రమే కాదు.

మరుసటి ఏడాది మేలో ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులూ ఆ పైన ఉన్న కాండో భవనాలకు వయసు ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి ఇంజనీరు తనిఖీ, సముద్రం దగ్గరున్నవాటికి ఇంకా ముందే. కప్పు, పునాది, వాటర్‌ప్రూఫింగ్ లాంటివాటికి ఎంత దాచాలో చెప్పే రిజర్వ్ స్టడీ తప్పనిసరి. ఆ డబ్బు దాచకుండా యజమానులు ఓటేసి తప్పించుకునే పాత దారి మూసేశారు. ఆ తరవాత గడువులు కొంత పొడిగించారు గానీ దిశ మారలేదు. బ్యాంకులూ కదిలాయి. కాండో లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ 2022 నుంచి భవనం మరమ్మతుల గురించి, రిజర్వ్ గురించి గట్టిగా ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టింది. ఇర్వింగ్‌లోని లాస్ కొలీనాస్‌లో కాండో కొన్నవాళ్ళకు ఆ ప్రశ్నావళి ఎదురయ్యే ఉంటుంది. అది నింపేది మీ మేనేజరే. అది సరిగా నింపకపోతే మీ యూనిట్ కొనేవాళ్ళకు లోన్ రాకపోవచ్చు.

ఫ్లోరిడాలో మేనేజర్లు ఇప్పుడు చేస్తున్న పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. రిటైరైన పెద్దవాళ్ళు నిండిన భవనాల్లో, నెలకు వందల డాలర్లు డ్యూస్ పెరుగుతాయని చెప్పాలి. తిట్లు తినాలి. అయినా ఇంజనీరును పిలిపించాలి, స్టడీ చేయించాలి, కాంట్రాక్టరు చేత పని మొదలుపెట్టించాలి. పని పూర్తయిన రోజున వార్త ఏమిటి? భవనం నిన్నటిలాగే నిలబడి ఉంది. ఈ అయిదారేళ్ళలో ఈ వృత్తి సాధించిన అన్నిటికంటే పెద్ద విజయం ఇదేనని నేననుకుంటాను. దీనికి రిబ్బన్ కట్ చెయ్యడాలు ఉండవు.

మనకు 12 అంతస్తుల భవనాలు లేవు కదా అని మీకు అనిపించవచ్చు. మనకున్నవేమిటో ఒకసారి చూడండి. మెయిన్ రోడ్డు వెంబడి మైళ్ళకొద్దీ ఇటుక గోడ. చెరువు చుట్టూ మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్స్. అమెనిటీ సెంటరు, పూల్, ప్లే గ్రౌండు. కొన్నిచోట్ల సొంత రోడ్లు. టౌన్‌హోమ్‌లైతే కప్పులు కూడా. కింద డాలస్ నల్లమట్టి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఈ మట్టి మీద ఏ గోడా ఎల్లకాలం నిటారుగా ఉండదు. పైన వసంతం వస్తే వడగళ్ళు. లెక్క కోసం అనుకుందాం, 500 ఇళ్ళ కమ్యూనిటీలో 20 ఏళ్ళకు గోడ బాగుచెయ్యడానికి ఆరు లక్షల డాలర్లు కావాలి. ఏటా ఇంటికి 60 డాలర్లు దాస్తే సరిపోతుంది. దాచకపోతే గోడ ఒరిగిన ఏడాది ఇంటికి 1,200 డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. మేనేజరు బడ్జెట్లో ఆ 60 డాలర్ల పెంపు పెట్టినప్పుడు మనం ఏమంటున్నాం? "వీళ్ళు మళ్ళీ పెంచారు" అంటున్నాం.

2021 ఫిబ్రవరి మంచు తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, చలికి పైపులు పగిలి కప్పుల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. మా క్లబ్‌హౌస్‌లో ఫైర్ స్ప్రింక్లర్ లైను పగిలింది. రోడ్లు గడ్డకట్టి మేనేజరు రాలేని పరిస్థితి. అయితే ఆవిడ ముందు ఏడాదే ప్రతి వాల్వుకూ ఎర్ర ప్లాస్టిక్ ట్యాగు కట్టించి, ఏది దేన్ని ఆపుతుందో దానిమీద రాయించి, ఫొటోలు తీసి బోర్డు ఫైల్లో పెట్టింది. అప్పట్లో దానికైన చిన్న ఖర్చు మీద కూడా ఒకరిద్దరు ప్రశ్నలడిగారు. తుపాను రోజున క్లబ్‌హౌస్ పక్కింటాయన ఫోన్లో ఆ ఫొటో చూసుకుని, టార్చి పట్టుకుని వెళ్ళి, సరైన వాల్వు మూసేశాడు. హాల్లో కార్పెట్ తడిసింది, అంతే. గోడలు, వంటగది, కరెంటు ప్యానెలు దక్కాయి. ఇన్సూరెన్సు క్లెయిమ్ వెయ్యాల్సిన అవసరమే రాలేదు. ఆ ట్యాగులు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల పుట్టినరోజులకు క్లబ్‌హౌస్ తీసుకున్నప్పుడు మెకానికల్ రూమ్ తలుపు తీసి ఉంటే తొంగిచూడండి.

మేనేజర్లందరూ ఇలాంటివాళ్ళేనని నేననను. ఫోన్ ఎత్తని మేనేజర్లున్నారు. కాంట్రాక్టరు బిల్లు చూడకుండా సంతకం పెట్టేవాళ్ళున్నారు. ఒక్కొక్కరి మీద అయిదారు కమ్యూనిటీలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ వేసి, ఏదీ సరిగా చూడనివ్వని మేనేజ్‌మెంట్ కంపెనీలున్నాయి. వాటి వార్తలు చూడండి. ఫలానా కంపెనీని కొన్నాం, ఇన్ని వేల ఇళ్ళకు చేరాం, కొత్త ఊళ్ళో ఆఫీసు తెరిచాం. కంపెనీ పెరగడం వాళ్ళకు సంతోషమే, కాదనను. ఇంటి యజమానిగా నేను వినాలనుకునే వార్త వేరు. ఒక్కో మేనేజరు మీద ఎన్ని కమ్యూనిటీలు తగ్గించారు? మీ దగ్గర మేనేజర్లు సగటున ఎన్నేళ్ళు ఉంటున్నారు? ఎన్ని అసోసియేషన్లకు రిజర్వ్ స్టడీ కొత్తగా చేయించారు? ఈ వృత్తి సంఘాలు అవార్డులిచ్చేటప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులున్నవాళ్ళను ముందు పిలవాలని నా కోరిక. ఈ ఉత్తరం చదివే తెలుగు మేనేజర్లు మీలో ఉంటే, మీ సమావేశాల్లో ఈ మాట ఎత్తండి.

మనవాళ్ళ వైపు నుంచి ఇంకొక మాట చెప్పాలి. మనలో చాలామందిమి హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్ళం. అక్కడ అసోసియేషన్ సెక్రటరీ అంటే రిటైరైన ఒక పెద్దాయన. జీతం లేదు, తిట్లు మాత్రం ఉచితం. లిఫ్టు ఆగినా, బోరు ఎండినా, పైఫ్లాట్ బాత్‌రూమ్ కారినా ఆయన తలుపే కొడతాం. మెయింటెనెన్స్ కట్టనివాళ్ళ పేర్లు లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో అంటిస్తారు. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చి మేనేజరుని కూడా అలాగే చూస్తున్నాం. ఇప్పుడు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా జీతాలిచ్చి ఎస్టేట్ మేనేజర్లను పెట్టుకుంటున్నారు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), జనరేటర్లు, లిఫ్టు నిర్వహణ కాంట్రాక్టులు, కార్పస్ ఫండ్ (ఉమ్మడి నిధి) లెక్కలు, 2016 రెరా చట్టం కింద బిల్డరు అయిదేళ్ళ పాటు సరిచెయ్యాల్సిన నిర్మాణ లోపాల జాబితా, అన్నీ వాళ్ళ మీదే. మన అమ్మానాన్నలు ఉండే ఆ ఫ్లాట్లను చూసుకునేవాళ్ళకు కూడా శిక్షణ, పరీక్ష, గుర్తింపు కావాలి. ఇక్కడ యాభై ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతిలో మంచేదో అక్కడివాళ్ళకు చెప్పగల స్థితిలో ఉన్నది మనమే.

మరి మనం చెయ్యాల్సిందేమిటి? ముందు మీ మేనేజరు పంపే ఈమెయిల్ కింద పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో చూడండి. ఏమీ లేకపోతే మీ బోర్డును అడగండి, కంపెనీతో కాంట్రాక్టు కొత్తగా రాసుకునేటప్పుడు అర్హత ఉన్న మేనేజరు కావాలని పెట్టించండి. పరీక్ష ఫీజు, కోర్సుల ఖర్చు కంపెనీ భరిస్తుందా అని కూడా అడగండి. చివరిగా రిజర్వ్ స్టడీ ఎప్పుడు చేశారో, అందులో చెప్పినదానిలో ఎంత శాతం నిజంగా దాచారో అడగండి. ఈ రెండు అంకెలూ తెలియకుండా డ్యూస్ ఎక్కువో తక్కువో మనం చెప్పలేం. వయొలేషన్ లెటర్ వస్తే గ్రూపులో పెట్టకముందు, అందులోనే రాసి ఉండే గడువులోగా హియరింగ్ అడగండి. ఆ హక్కు చట్టం ఇచ్చింది. హియరింగ్‌లో గొంతు తగ్గించి మాట్లాడండి. ఎదురుగా కూర్చున్న మనిషి బోర్డు చెప్పినదాన్ని అమలు చేస్తోంది, నిబంధన మార్చాలంటే మార్చేది బోర్డు.

బోర్డును మార్చేది మనం. ఫ్రిస్కో, ప్రాస్పర్‌లలో వీధికి వీధి మన ఇళ్ళే ఉన్న కమ్యూనిటీల్లో కూడా చాలాచోట్ల బోర్డులో ఒక్క తెలుగు పేరు కనబడదు. యాన్యువల్ మీటింగుకు కోరం సరిపోక వాయిదా పడుతుంది. మనం ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో వేలమందికి అన్నదానం ఏర్పాట్లు చెయ్యగలం, బతుకమ్మకు పెద్ద మైదానం నింపగలం. వంద ఇళ్ళ ప్రాక్సీలు (తమ తరఫున ఓటెయ్యమని ఇచ్చే కాగితాలు) సేకరించడం మనకో లెక్క కాదు. మీటింగుకు వచ్చి బడ్జెట్ చదివి, అవసరమైన పెంపుకు ఒప్పుకుని, అనవసరమైనదాన్ని ప్రశ్నించే యజమానులున్నచోట మంచి మేనేజరు ఏళ్ళకేళ్ళు నిలుస్తుంది. మీటింగుకు రాకుండా ఫోన్లో అరిచేవాళ్ళే ఉన్నచోట ఏడాదికొకరు మారతారు. కొత్తగా వచ్చినవాళ్ళు మన వాల్వులు ఎక్కడున్నాయో మొదట్నుంచి నేర్చుకోవాలి.

టెక్సస్‌లో 100 ఇళ్ళు దాటిన అసోసియేషన్ ఎన్నికల బ్యాలెట్లు పంపడానికి కనీసం 10 రోజుల ముందు, పోటీ చేసేవాళ్ళు పేర్లివ్వమని యజమానులకు తెలియజెయ్యాలి. ఆ కాగితం మీ ఇంటికి పోస్టులోనో ఈమెయిల్లోనో వస్తుంది, చాలావరకు శరదృతువులోనో కొత్త ఏడాది మొదట్లోనో. ఎప్పుడొస్తుందో మీ మేనేజరుకు ఒక ఈమెయిల్ రాసి ఇప్పుడే కనుక్కోండి. అందులో పేరు పంపాల్సిన చిరునామా, గడువు తేదీ ఉంటాయి. మీ పేరు పంపండి, లేదా మీ వీధిలో లెక్కలు తెలిసిన, ఓపికున్న ఎవరిదైనా వాళ్ళను అడిగి పంపండి.

ఇట్లు,
కాలిన్ కౌంటీలో ఒక హెచ్‌ఓఏ బోర్డు సభ్యుడు